మంత్రబలము – భుజబలము: ఒక క్రీడలోని న్యాయాన్ని గురించి

బలము ఒకచోట పేరుకొనిపోయినప్పుడు తక్కినవారికి ఏమి మిగులుతుందన్న ప్రశ్న రాజ్యశాస్త్రానికి ఎంత పాతదో, కథాశాస్త్రానికీ అంత పాతదే. కత్తి పట్టినవాడు దెబ్బకొక శత్రువును పడగొడతాడు. మంత్రం తెలిసినవాడు రెప్పపాటులో ఒక సేననే కూల్చివేస్తాడు. వీరిద్దరూ ఒకే కథలో, ఒకే పక్షాన నిలిచినప్పుడు కత్తి పట్టినవాని ప్రయోజనమేమిటి? ఈ పాత ప్రశ్న గత యాభై ఏళ్లుగా ఒక కొత్త వేషంలో, బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఒక ఆట రూపంలో చర్చకు వస్తున్నది. మన యువకులలోనూ ఆ ఆట పట్ల ఆసక్తి కనబడుతున్నది గనుక దానిని గురించి నాలుగు మాటలు విన్నవించుకోవడం అప్రస్తుతం కాదని భావిస్తున్నాను.

ఆట పేరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికనులు దీనిని 1974లో వెలువరించారు. చదరంగం వలె ఇందులో గెలిచేవాడు, ఓడేవాడు లేరు. ఒకరు సూత్రధారియై కథను నడుపుతారు. తక్కిన నలుగురైదుగురు ఒక్కొక్క పాత్రను ధరించి ‘నేనీ పని చేస్తాను’ అని చెబుతారు. ఆ పని ఫలించినదీ లేనిదీ పాచిక నిర్ణయిస్తుంది. మొట్టమొదట పాత్రధారికి మూడే వృత్తులు: యోధుడు, మాంత్రికుడు, పురోహితుడు. మరుసటి సంవత్సరం, 1975లో, చోరుడు వచ్చి చేరాడు. ఈ ఆటకు పూర్వగామి 1971 నాటి ‘చైన్‌మెయిల్’ అనే యుద్ధక్రీడ. అందులో మాంత్రికుడు ఇంచుమించు ఒక ఫిరంగి వంటివాడు. దూరాన నిలబడి నిప్పుముద్దలు, పిడుగులు విసరడమే అతని పని. ఆ ఫిరంగికి కాళ్లు, చేతులు, పేరు, కథ ఇచ్చి బల్ల వద్ద కూర్చోబెట్టడంతోనే మన సమస్య మొదలైనదనవచ్చును.

ఆట నిర్మాతలకు ఈ చిక్కు తెలియకపోలేదు. అందుచేత మాంత్రికునికి కళ్లెం కూడా వారే వేశారు. జాక్ వాన్స్ అనే రచయిత 1950లో ప్రకటించిన ‘ది డయింగ్ ఎర్త్’ కథలలో మాంత్రికుడు కొద్ది మంత్రాలను మాత్రమే మనస్సులో నిలుపుకోగలడు. ప్రయోగించిన మంత్రం మనస్సు నుండి చెరిగిపోతుంది. ఈ పద్ధతినే వారు ఆటలోనికి తెచ్చారు. 1978లో వచ్చిన నియమగ్రంథంలో యోధుని ప్రాణబలానికి పది ముఖాల పాచిక వేస్తే, మాంత్రికునికి నాలుగు ముఖాల పాచికే వేయవలెను. అతడు కవచం తొడగరాదు. మంత్రం పఠిస్తుండగా దెబ్బ తగిలితే ఆ మంత్రం వృథా. రెండవ స్థాయికి ఎదగడానికి యోధునికి 2001 అనుభవాంకాలు చాలగా, మాంత్రికునికి 2501 కావలెను. చిన్ననాట బలహీనుడు, పెద్దనాట బలవంతుడు, నడుమ ప్రాణాలు దక్కించుకుంటేనే ఆ పెద్దరికం. ఇదీ నాటి ఒప్పందం.

ఒప్పందం బాగానే ఉన్నది గాని లెక్క కుదరలేదు. యోధుడు కూడికలో పెరుగుతాడు, మాంత్రికుడు హెచ్చవేతలో పెరుగుతాడు. స్థాయి పెరిగినకొద్దీ మాంత్రికుని మంత్రాల సంఖ్య పెరుగుతుంది, ఒక్కొక్క మంత్రం యొక్క తీవ్రత పెరుగుతుంది, చేయగల పనుల రకాలూ పెరుగుతాయి. ఇందులో మూడవదే ముఖ్యమైనది. తాళం తెరిచే మంత్రం ఉంటే చోరుని నేర్పు ఎందుకు? గాలిలో ఎగిరే మంత్రం ఉంటే కొండ ఎక్కగల వీరుడెందుకు? దెబ్బల లెక్కలో యోధుడు వెనుకబడడం చిన్న సంగతి. అతని పనినే మరొకడు, అందునా శ్రమ లేకుండా, చేసివేయడం అసలైన అన్యాయం.

2000లో వచ్చిన మూడవ సంస్కరణం ఈ తూకాన్ని మరింత చెడగొట్టింది. అన్ని వృత్తులకూ ఒకే అనుభవాంకాల పట్టిక పెట్టారు. పోరు నడుమ మంత్రం చెదరకుండా కాపాడుకొనే వీలు మాంత్రికునికి కల్పించారు. మంత్రాలను పత్రాలపై వ్రాసి దాచుకొనే విద్యను మొదటి స్థాయిలోనే ఇచ్చారు. అంటే పాత ఒప్పందంలో మాంత్రికుడు చెల్లించే మూల్యమంతా తగ్గింది, పొందే ఫలం మాత్రం తగ్గలేదు. దీనికి విరుగుడుగా 2008 నాటి నాలుగవ సంస్కరణం అందరికీ ఒకే మూస పోసింది. యోధునికీ మాంత్రికునికీ సమానంగా ఎప్పుడూ వాడగల శక్తులు, పోరుకొకసారి వాడేవి, దినానికొకసారి వాడేవి. తూకం కుదిరింది, కాని వృత్తుల రుచులన్నీ ఒకటైపోయినవని పలువురు ఆటగాళ్లు నొచ్చుకున్నారు. 2014 నాటి అయిదవ సంస్కరణం మధ్యేమార్గం పట్టి, ఏకాగ్రత కావలసిన మంత్రాలను ఒక సమయాన ఒక్కటి మాత్రమే నిలుపుకోవలెనన్నది. 2024 నాటి సవరణ ఆయుధధారులకు ఆయుధనైపుణ్యాలను కొత్తగా చేర్చింది. ఇన్ని సవరణల తరువాత కూడా ఇరవయ్యవ స్థాయి యోధుడు తన వంతులో నాలుగు దెబ్బలు కొట్టగలిగితే, పదునేడవ స్థాయి మాంత్రికుడు ‘విష్’ అనే మంత్రంతో కోరికనే శాసించగలడు.

ఇక్కడ మన కథల వైపు తిరిగి చూడవలసి ఉన్నది. ఈ చిక్కును మన పూర్వులు ఎరుగుదురు. వారు మాంత్రికుని బలాన్ని కోయలేదు. దానికి వెల కట్టారు.

రాజమహేంద్రవరంలో నన్నయ తెలుగు చేయ మొదలుపెట్టిన భారతాన్నే తీసుకోండి. కర్ణునికి ఇంద్రుడిచ్చిన శక్తి అమోఘం. కాని అది సహజకవచకుండలాలను ఒలిచి ఇస్తేనే దొరికినది, ఒక్కసారికే పనికివచ్చునది. అర్జునుని కొరకు దాచిన ఆ ఆయుధాన్ని రాత్రియుద్ధంలో మాయాబలంతో విజృంభించిన ఘటోత్కచునిపై వ్యయం చేయవలసి వచ్చినప్పుడు కర్ణుని కథ మలుపు తిరిగింది. ఘటోత్కచుడు చచ్చి కూడా గెలిచాడు. అశ్వత్థామకు బ్రహ్మశిరోస్త్రం ప్రయోగించడం తెలుసును, ఉపసంహరించడం తెలియదు; అర్జునునికి రెండూ తెలుసును. శక్తి ఒక్కటే అయినా నియమనిష్ఠలను బట్టి దాని ఫలం మారింది.

జానపద కథలలో ఉపాయం వేరు. అక్కడ మాంత్రికుని బలం అతని ఒంటిలో ఉండదు, ఒక వస్తువులో ఉంటుంది. బాలనాగమ్మ కథలో మాయల మరాఠీ ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉన్నది. బాలవర్ధి కత్తి మాంత్రికుని చేరలేకపోవచ్చును, కాని అతని కాళ్లు ఆ చిలుకను చేరగలవు. 1951లో కె. వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన ‘పాతాళభైరవి’ చిత్రంలో నేపాళ మాంత్రికుడు ఎంతటివాడైనా, ఒక సాహసవంతుడైన యువకుడు దొరకనిదే దేవి అనుగ్రహం పొందలేడు. పొందిన తరువాత కూడా బలమంతా ఒక చిన్న ప్రతిమలో ఉన్నది. ఎవరి చేతికి చిక్కితే వారిదే అది. తోటరాముని వంటి తోటమాలి కొడుక్కు కథలో చోటు దొరికినది ఆ ప్రతిమ వలననే.

ఉర్దూ దాస్తాన్‌లో ఈ తూకం ఇంకా విస్తారంగా, ఇంకా స్పష్టంగా కనబడుతుంది. లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం 1883 నుండి ప్రకటించిన ‘తిలిస్మె హోష్‌రుబా’లో మంత్రబలానికి అంతులేదు. చక్రవర్తి అఫ్రాసియాబ్ పాలించే ఆ మాయారాజ్యంలో కొండలు కదలుతాయి, బొమ్మలు పలుకుతాయి. అయినా కథ వేల పుటలు ఎట్లా సాగింది? ఎందుకంటే అమీర్ హమ్జా పక్షంలో ఎవరి పని వారికి ఉన్నది. హమ్జాకు ‘ఇస్మె ఆజమ్’ తెలుసును. దాని ముందు జాదూ నిలవదు. ప్రతి తిలిస్మ్‌కూ దానిని భేదించే మార్గం చెప్పే ‘లౌహ్’ అనే ఫలకం ఒకటి ఉంటుంది. దానిని పొందవలసినవాడు విధి నిర్ణయించిన వీరుడే గాని మాంత్రికుడు కాడు. వీరందరికంటె ముఖ్యుడు అమర్ అయ్యార్. మంత్రం లేదు, మహాబలం లేదు. ఉన్నవి మారువేషం, మత్తుమందు, మాటనేర్పు, ఎంత వేసినా నిండని ‘జంబీల్’ సంచి. మహామాంత్రికులు అతని చేతి పానీయం త్రాగి మూర్ఛపోతారు. ప్రముఖ విమర్శకులు షమ్సుర్ రహ్మాన్ ఫారూఖీ ఈ దాస్తాన్‌ను గురించి 1999 నుండి వెలువరించిన బృహద్గ్రంథానికి పెట్టిన పేరే ‘సాహిరీ, షాహీ, సాహిబ్‌ఖిరానీ’. జాదూగిరి, రాజరికం, జగజ్జేతృత్వం. ఒక్కటి కాదు, మూడు బలాలు. మూడింటి పోరులోనే దాస్తాన్ ఉన్నది.

ఆ మూడు మాటలను ఆటకు అన్వయించి చూస్తే ఒక విషయం తేటపడుతుంది. 1978 నాటి నియమాలలో తొమ్మిదవ స్థాయికి చేరిన యోధుడు కోట కట్టుకుంటే అతని క్రింద సైనికులు వచ్చి చేరేవారు. అంటే మాంత్రికునికి సాహిరీ ఉన్నప్పుడు యోధునికి షాహీ ఉండేది. ఒకనికి మంత్రం, మరొకనికి జనం. తరువాతి సంస్కరణాలలో ఆ జనం యోధుని స్వంత హక్కుగా నిలువలేదు. అతనికి కత్తి ఒక్కటే మిగిలింది. ‘యోధుడు బలహీనుడైపోయినాడు’ అని వాపోయేవారు అతని దెబ్బకు నాలుగు అంకాలు కలపమంటారు. నా మనవి వేరు. అతనికి కావలసినది దెబ్బలో నాలుగు అంకాలు కాదు, కథలో ఒక రాజ్యం. ఊరి పెద్దలు అతని మాటకు కట్టుబడవలెను. శత్రుసేనాని అతని శపథాన్ని నమ్మవలెను. మంత్రంతో కొనలేని గౌరవం ఒకటి అతనికి ఉండవలెను.

రెండవ మనవి మజిలీని గురించి. రాజమహేంద్రవర వాసి మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ మనలో పలువురు చదివినవే. మణిసిద్ధుడు గోపబాలునికి మజిలీకొక కథ చెబుతూ కాశీకి నడుస్తాడు. ఆటలో కూడా మజిలీయే ప్రాణం, ఎందుకంటే రాత్రి విశ్రమిస్తే మాంత్రికుని మంత్రాలన్నీ తిరిగి వస్తాయి. 2014 నాటి సూత్రధారి గ్రంథం రెండు మజిలీల మధ్య ఆరు నుండి ఎనిమిది పోరాటాలను ఊహించింది. మరి బల్ల వద్ద సాధారణంగా జరిగేదేమిటి? మాంత్రికుడు మొదటి పోరులోనే ఉన్న మంత్రాలన్నీ గుప్పించి, ‘ఇక పడుకుందాం’ అంటాడు. తక్కినవారు తలలూపుతారు. పొదుపుగా వాడితేనే తూగే విద్యను దుబారాగా వాడనిచ్చి, ఆనక ఆ విద్యనే నిందించడం తగదు. మజిలీ ఎక్కడ అన్నది మణిసిద్ధుడు నిర్ణయించవలెను గాని అలసిన బాటసారి కాదు. వెనుక శత్రువు తరుముతుంటే, రేపటి సూర్యోదయానికి కోటలో బందీకి మరణదండన అని తెలిస్తే, ఆ రాత్రి నిద్ర ఎవరికి? అట్టి రాత్రిలోనే అలసట ఎరుగని యోధుని భుజం విలువ తెలుస్తుంది.

ఈ వాదానికి రెండు ఆక్షేపణలు వినవస్తాయి. మొదటిది: ‘మంత్రమన్నది అద్భుతం గదా, దానికి కళ్లెం వేస్తే అద్భుతం పోదా?’ పోదు. వెల లేని అద్భుతం రెండవసారికి అలవాటవుతుంది, మూడవసారికి విసుగవుతుంది. పైన చెప్పిన ‘విష్’ మంత్రమే సాక్షి. ఇతర మంత్రాలను అనుకరించడానికి గాక వేరొక కోరికకై దానిని వాడితే, ఇక జీవితంలో ఎన్నడూ ఆ మంత్రం పలుకలేకపోయే ప్రమాదం నూటికి 33 పాళ్లు ఉన్నది. బల్ల చుట్టూ ఊపిరి బిగపట్టేది ఆ క్షణాననే. కర్ణుని శక్తి వంటిదే ఇదీ.

రెండవది కొంత గట్టి ఆక్షేపణ: ‘ఇది పోటీ ఆట కాదు, అందరూ ఒకే పక్షం. ఒకడు ఎక్కువ చేస్తే ఏమి నష్టం?’ మా ఉప్పాడ తీరాన ఒడ్డునుండి పెద్ద వల లాగేవారిని చూచినవారికి జవాబు చెప్పనక్కరలేదు. అందరిదీ ఒకే పక్షమే, చేప అందరిదీ. అయినా రెండు త్రాళ్లూ సమంగా రాకపోతే వల ఒరిగి చేప జారిపోతుంది. సహకారంలో తూకం అక్కరలేదనడం పొరపాటు. సహకారంలోనే అది ఎక్కువ కావలెను. పోటీలో ఓడినవానికి కనీసం ఓటమి దక్కుతుంది. సహకారంలో పని లేనివానికి ఏమీ దక్కదు. మూడు గంటలపాటు స్నేహితుని ప్రతాపాన్ని చూస్తూ కూర్చోవడమే మిగులుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బల్ల వద్ద మాంత్రికుని పాత్రను ఎవరు తీసుకుంటారు? 2014 నాటి ఆటగాని గ్రంథంలో ఇంచుమించు నాలుగవ వంతు మంత్రాల వివరణకే సరిపోయింది; మూడువందలకు పైగా మంత్రాలు. యోధుని వర్ణన కొద్ది పుటలతో ముగుస్తుంది. మన చేతికి వచ్చే గ్రంథాలు ఇంగ్లీషువి. అంటే ఆ మంత్రాలన్నీ చదివి, ఏది ఎప్పుడు పలుకవలెనో తెలిసి ఉండడం ఇంగ్లీషు ధారాళంగా చదువగల విద్యార్థికే సాధ్యం. తెలుగు మాధ్యమంలోనో ఉర్దూ మాధ్యమంలోనో చదివి వచ్చినవాడు ‘నాకు కత్తి చాలును’ అంటాడు. అది అతని రుచి అని మనం అనుకుంటాము. చాలాసార్లు అది రుచి కాదు, సంకోచం. తరగతిలో వెనుక బల్లపై కూర్చున్నవాడు ఆటలోనూ వెనుక బల్లపైనే కూర్చుంటాడు. తరగతిలో ఎవని చేయి ముందు లేస్తుందో, ఆటలోనూ వాని మంత్రమే ముందు పలుకుతుంది. మాంత్రికుని అతిబలం అందువలన కేవలం లెక్కల తప్పు కాదు. మన మధ్య ఉన్న ఒక పాత అసమానతకు అది పాచికలిచ్చి బలం చేకూర్చుతున్నది. ఎవరెవరు మాట్లాడగలరన్నది ఇందులో తేలుతున్నది గనుకనే ఈ చిన్న ఆటను గురించి ఇంత వ్రాయవలసి వచ్చింది.

దీనికి విరుగుడు కూడా మన చేతిలోనే ఉన్నది. ఆటను మన భాషలలో ఆడుకుందాము. ఒక్కొక్క మంత్రాన్ని చిన్న అట్టముక్కపై తెలుగులోనో ఉర్దూలోనో రెండు మూడు వాక్యాలలో వ్రాసుకుంటే, ఏ సంకోచమూ లేకుండా ఎవరైనా మాంత్రికుడు కాగలరు. ఇంగ్లీషు బాగా తెలిసిన విద్యార్థి ఆ అట్టముక్కలు వ్రాసిపెట్టడంలో తన విద్యను సార్థకం చేసుకోవచ్చును. కొత్త కథ మొదలైన ప్రతిసారీ పాత్రలు మార్చుకోవలెను; నిన్నటి మాంత్రికుడు నేడు ఖడ్గం పట్టి చూడవలెను. పురాణాలు, దాస్తాన్లు వింటూ పెరిగిన పిల్లవాడు తన భాషలో మాట్లాడనిస్తే ఏ అయ్యార్‌కూ తీసిపోడు. పిఠాపురం గడ్డపై ఉమర్ ఆలీషా వంటి కవి పారసీక విద్యనూ తెలుగు పద్యాన్నీ ఒక్క గొంతులో పలికించిన ప్రాంతం మనది. మనకు ఈ పని కష్టం కాదు.

సమానత్వమంటే అందరినీ ఒకే అచ్చులో పోయడం కాదని కూడా మరువరాదు. 2008 నాటి పొరపాటు అదే. బుర్రకథను చూడండి. తంబుర పట్టిన కథకుడే కథ చెబుతాడు, వెలుగంతా అతనిదే. అయినా హాస్యం చెప్పే వంతగాడు, రాజకీయం చెప్పే వంతగాడు లేనిదే కథ నడవదు. 1986లో పద్మశ్రీ పొందిన షేక్ నాజర్ గొంతెత్తితే వేలమంది విన్నారు. ఆ గొంతుకు ఊపిరి అందించినవి ఇరుప్రక్కల మ్రోగిన డక్కీలు. ముగ్గురికీ సమానమైన మాటలు లేవు, కాని ముగ్గురికీ తమవైన మాటలున్నవి. ఉప్పాడ మగ్గంపై జాందానీ పువ్వు వేసే నూలు వేరు, నేల నేసే నూలు వేరు. కన్ను పువ్వుపైనే నిలుస్తుంది. నేల నూలు తెగితే పువ్వు ఎక్కడ నిలుస్తుంది?

కనుక ఈ ఆట ఆడబూనిన మిత్రులకు నా విన్నపం ఇది. మాంత్రికుని బలం తగ్గించమని అడగవద్దు. అతని బలానికి వెల అడగండి. అతని శక్తిలో కొంత భాగాన్ని చిలుకలోనో ప్రతిమలోనో పెట్టి, తక్కినవారి చేతికి అందేటట్లు చేయండి. మజిలీని సూత్రధారికి విడిచిపెట్టండి. యోధునికి రాజ్యమివ్వండి, అయ్యార్‌కు మారువేషమివ్వండి. ఆట ముగిసిన తరువాత ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈనాడు బల్ల వద్ద ఎవరు మాట్లాడలేదు? ఆ పేరు వారం వారం ఒక్కటే అయితే తప్పు ఆ విద్యార్థిది కాదు, పాచికది కాదు. వచ్చే వారం కథను అతని గడపనుండి మొదలుపెట్టవలెను.